మోకాలు ఎవరిది?

2024 జనవరిలో మా ఊరి పక్కనే ఒక వింత జరిగింది. మా ఊరంటే ఇప్పుడు నేనుంటున్న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్ పరిసరాలు. అక్కడి టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (అందరూ టీసీయూ అంటారు) ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ఒకరి తర్వాత ఒకరు గాయపడి, ఆటకు దిగడానికి చాలినంతమంది మిగల్లేదు. కాన్సస్ స్టేట్‌తో ఒకటి, అయోవా స్టేట్‌తో ఒకటి, రెండు మ్యాచ్‌లు ఆడకుండానే ఓటమి ఒప్పుకున్నారు. ఆ తర్వాత బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ళెవరైనా రండి అని యూనివర్సిటీలోని మామూలు విద్యార్థినులకు కబురు పెట్టి, ఎంపిక జరిపి, జట్టు నింపుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళలో వాలీబాల్ ఆడే అమ్మాయి కూడా ఉంది.

అంతకు ముందు సీజనులో 8 ఆటలు గెలిచి 23 ఓడిన జట్టు అది. కొత్త కోచ్ వచ్చి, వేరే కాలేజీల నుంచి మంచి ఆటగత్తెలను తెచ్చుకుని, ఆ ఏడాది మొదట్లో వరసగా 14 గెలిపించాడు. అంతలో ఈ దెబ్బ. పేపర్లూ టీవీలూ దీన్ని ముచ్చటైన కథగా చెప్పాయి. నిన్నటిదాకా గ్యాలరీలో కూర్చున్న పిల్ల ఇవాళ యూనిఫాం వేసుకుందట! నాకూ ముచ్చటేసింది, కాదనను. కానీ ఆ వారం మా ఇంటికి భోజనానికొచ్చిన మనవాళ్ళ కుర్రాళ్ళిద్దరు మాట్లాడుకున్న తీరు మాత్రం మింగుడు పడలేదు. ఎవరి మోకాలు పోయింది, ఎవరి వేలు విరిగింది, ఎన్ని వారాలకు తిరిగొస్తుంది, వచ్చినా మునుపటిలా ఎగరగలదా అని ఒకటే చర్చ. సంతలో ఎద్దు కాలు పట్టి చూస్తూ బేరమాడే మాటలే అవి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా అమ్మాయి స్కూలు జట్టులో ఆడుతుంది, అదే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటోంది. అది వాళ్ళకు తట్టలేదు, అంతే.

ఈ ఆసక్తి వెనక డబ్బుంది. క్రీడల పందేలపై ఉన్న కేంద్ర నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే తలుపులు తెరిచింది. టెక్సాస్ ఇంకా తెరవలేదు గానీ ఫోనుకు సరిహద్దులేముంటాయి? పందెం కాసేవాడికి ఇరవై ఏళ్ళ పిల్ల మోకాలి సంగతి ఒక గంట ముందు తెలిస్తే అది లాభం. హాస్టల్లో పక్క గది పిల్లను, ఫిజియో దగ్గర పనిచేసే కుర్రాణ్ణి, చివరికి ఆ పిల్లనే వేధించి కూపీ లాగుతారు. ఇది భరించలేకే ఆగ్నేయ రాష్ట్రాల పెద్ద కాలేజీల కూటమి 2024 నుంచి ఒక పద్ధతి పెట్టింది. తమలో తాము ఆడే మ్యాచ్‌లకు ముందు ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు, ఎవరిది అనుమానం అన్న జాబితాను కాలేజీలే ప్రకటించాలి. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కూ ఇది వర్తిస్తుంది. ఉన్న చెడ్డల్లో ఇది తక్కువ చెడ్డదని నా అభిప్రాయం. పిల్ల నోరు విప్పనక్కర్లేకుండా కాలేజీయే జవాబిస్తుంది.

మరి చట్టం లేదా అంటారు. ఉంది. 1996 నాటి హిపా చట్టం రోగి వివరాలకు రక్షణ అంటారు. కాని యూనివర్సిటీ క్లినిక్‌లో విద్యార్థులకు జరిగే వైద్యం రికార్డులు చాలావరకు దాని కిందికి రావు. అవి 1974 నాటి ఫెర్పా కిందికి, అంటే విద్యార్థి రికార్డుల చట్టం కిందికి వస్తాయి. ఏ చట్టమైనా సంతకం ఒకటుంటే తలుపు తీస్తుంది. సీజను మొదట్లో పెట్టించుకునే కాగితాల కట్టలో ఈ సమ్మతి పత్రమూ ఒకటి. పద్దెనిమిదేళ్ళ పిల్ల, స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నది, తనను ఆడించాలో కూర్చోబెట్టాలో నిర్ణయించే మనుషుల ఎదుట పెట్టే సంతకం సమ్మతేనా? బలవంతం కనపడనంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని కోర్టుల్లో, పోలీస్ స్టేషన్లలో ఇన్నేళ్ళుగా వాదిస్తున్నది మనమే కదా.

అలాగని గోప్యత, గోప్యత అని గొంతు చించుకోవడంతోనూ నాకు పేచీ ఉంది. ఎందుకంటే ఆ మాటను అందరికంటే హాయిగా వాడుకునేది సంస్థ. ఈ జట్టులో ఇంతమంది ఎందుకు పడిపోయారు, సాధన ఎంతసేపు చేయించారు, నొప్పి ఉందన్నాక ఎన్నాళ్ళు ఆడించారు అని ఏ కాలేజీనైనా అడిగి చూడండి. విద్యార్థుల వైద్య వివరాలు చెప్పకూడదండీ అంటారు. నిన్న ఆ పిల్ల మోకాలి గురించి టీవీలో మాట్లాడినవారే ఇవాళ చట్టం పాఠం చెబుతారు. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోవడం ఇలాంటి ఆటల్లో మగపిల్లలకంటే ఆడపిల్లలకు అనేక రెట్లు ఎక్కువ. తెగితే తొమ్మిది నెలలో, ఏడాదో పోయినట్టే. అలాంటప్పుడు ఒక్కో జట్టులో ఐదేళ్ళలో ఎంతమందికి తెగిందన్న లెక్క పేర్లు లేకుండానే చెప్పొచ్చు. కాలేజీలో చేరబోయే పిల్లకూ, తల్లిదండ్రులకూ కావలసింది ఆ లెక్క. ఒక పిల్ల గాయం ఆ పిల్ల సొంతం. గాయాల మొత్తం కాలేజీ జవాబుదారీ. ఈ రెంటినీ కలిపేసి ఒకే తాళం వేస్తున్నారు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం టీసీయూ కాదు. 1991లో కోస్తాలో ఒక చిన్న పట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఖోఖో ఆడేదాన్ని. అంతర్ కళాశాలల పోటీకి నాలుగు రోజుల ముందు మోకాలు మెలిపడింది. పీడీ మేడం ప్రిన్సిపాల్‌కి చెప్పారు, ప్రిన్సిపాల్ మా నాన్నను పిలిపించారు, ఆఫీసు గుమాస్తా ఊరంతటికీ చెప్పాడు. ఆటలు మాన్పించారు. అదొక్కటే అయితే మర్చిపోయేదాన్ని. మరుసటి వేసవిలో ఒక సంబంధం వాళ్ళు వచ్చి, కాఫీలయ్యాక, "అమ్మాయిని ఒకసారి వీధి అరుగు దాకా నడిచి రమ్మనండి" అన్నారు. నడిచాను. మా అమ్మ తల దించుకుని కూర్చుంది. ఆ సంబంధం తప్పిపోవడం నా అదృష్టమనుకోండి, అది వేరే సంగతి. నా మోకాలు ఊరందరికీ తెలిసింది గానీ, మా గ్రౌండంతా కంకరరాళ్ళనీ, ప్రథమ చికిత్స పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదనీ బయటికి పొక్కలేదు. అడగబోతే కాలేజీ పరువు అన్నారు.

అక్కడ పందెం, మన దగ్గర సంబంధం. ఇంకొంచెం పైకెళితే పతకం. తమిళనాడు రన్నర్ శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం గెలిచింది. ఆమె శరీరం మీద జరిపిన పరీక్ష సంగతి పత్రికలకెక్కింది, పతకం పోయింది. ఆ వార్త బయటపెట్టినవాళ్ళెవరో ఎవరూ తేల్చలేదు.

టీసీయూ కథకు మంచి ముగింపే దొరికింది. 2024-25లో ఆ జట్టు 34 గెలిచి నాలుగే ఓడింది, జాతీయ పోటీలో చివరి ఎనిమిదింటిలో నిలిచింది. పేరున్న ఆటగత్తెలు వేరే కాలేజీల నుంచి మారి వచ్చారు. ఇప్పుడు ఏటా మారొచ్చు. అది ఆటగత్తెలకు దక్కిన స్వేచ్ఛే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ జట్టును ఏటా సంతలో కొత్తగా కొనుక్కోగలిగినప్పుడు, పాత మోకాలితో కాలేజీకి పనేముంటుంది? 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీల్లో బాస్కెట్‌బాల్ జట్టుకు 15 మందే పరిమితి. లెక్క బిగిసినకొద్దీ గాయపడ్డ పిల్ల కూర్చున్న చోటు అందరి కళ్ళకూ పెద్దగా కనపడుతుంది. ఆటలో తగిలిన గాయానికి చదువయ్యాక కూడా కనీసం రెండేళ్ళు వైద్యం ఖర్చు భరించాలని 2024 ఆగస్టు నుంచి మొదటి శ్రేణి కాలేజీలన్నిటికీ నియమం వచ్చింది. అయితే ఆ గాయం ఆటలోనే తగిలిందని చూపించడానికి ఆ పిల్ల చేతిలో ఏ కాగితం ఉంటుంది? అందుకే నా మొదటి కోరిక, వైద్యం రికార్డు నకలు అడగకుండానే ఎప్పటికప్పుడు ఆ పిల్ల చేతికివ్వాలి. ఇతరులకు చూపించాలా వద్దా అన్నది తర్వాత, తన ఇష్టం.

మనం కూడా కొంచెం ఆలోచించుకోవాలి. మన సంస్థల వార్షిక నివేదికల్లో పేరు మార్చి, ఊరి పేరు ఉంచి, పిల్ల ఫొటో వేసి "కేస్ స్టడీ" రాసిన రోజులు నాకు గుర్తున్నాయి. అలా రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మొన్న ఆగస్టులో మా అమ్మాయి స్కూలు నుంచి కాగితాలొచ్చాయి. ఆరోగ్య వివరాలను కోచ్‌లకు, స్కూలు సిబ్బందికి, "అవసరమైన ఇతరులకు" ఇవ్వడానికి సమ్మతిస్తున్నామని ఒక వాక్యం. ఆ ఇతరులెవరని ఫోన్ చేసి అడిగాను. అందరూ పెట్టే సంతకమేనండీ అంది అవతలి అమ్మాయి. మా పిల్ల నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన తన పొడి అక్షరాలు వేసి, కింద సంతకం చేసింది. ఆడనిస్తారో లేదోనని ఇద్దరం రెండు వారాలు ఎదురు చూశాం. అభ్యంతరం రాలేదు. అసలు ఆ కాగితం ఎవరైనా చదివారో లేదో కూడా తెలియదు.