కంప్యూటర్ ఆన్ కాలేదా? పారేసే ముందు పరీక్షించండి

బటన్ నొక్కినా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ కాకపోతే, ‘పాతదైపోయింది, కొత్తది కొందాం’ అనుకోవడం నగరాల్లో మామూలైపోయింది. దిల్లీని ఆనుకుని ఉన్న వైశాలి వంటి అపార్ట్‌మెంట్ల కాలనీల్లో పాతసామాన్లు కొనేవాళ్లు గుమ్మం దాకా వస్తారు కాబట్టి, ఆ నిర్ణయం మరింత తేలికవుతుంది. కానీ చాలాసార్లు అది తొందరపాటే. చెడిపోయేది ఒక్క భాగం, మనం పారేసేది మొత్తం యంత్రాన్ని.

కంప్యూటర్ ఒక్కసారిగా మేల్కోదు. ముందుగా ఎస్‌ఎంపీఎస్ 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గిస్తుంది. ఆ వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడే ప్రాసెసర్ పని మొదలుపెట్టి, ర్యామ్‌ను, డిస్‌ప్లేను పరీక్షిస్తుంది. చివరగా డిస్క్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. ఈ వరుస తెలిస్తే, ఎక్కడ ఆగిందో చూసి లోపాన్ని ఊహించవచ్చు.

ఫ్యాను తిరగడం లేదు, లైటు వెలగడం లేదంటే ప్లగ్గు, పవర్ కేబుల్, ఎస్‌ఎంపీఎస్‌లను అనుమానించాలి. కేబుల్ మార్చి, వేరే సాకెట్‌లో పెట్టి చూడటం మొదటి పరీక్ష. ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే, మానిటర్ కేబుల్ తర్వాత ర్యామ్‌ను చూడాలి. దుమ్ము వల్లో, తేమ వల్లో దాని కాంటాక్టులు సరిగా తగలకపోవచ్చు. ప్లగ్గు పీకి, లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకున్నాక, ర్యామ్‌ను తీసి మళ్లీ గట్టిగా అమర్చాలి. గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయిందనుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

ఒకసారి ఒక్కదాన్నే మార్చి ఫలితం చూడటం ప్రయోగశాలలో శాస్త్రవేత్త పాటించే నియమం. మరమ్మతుకూ అదే దారి.

ఈ ఓపిక లేకపోతే నష్టం మన జేబుకే కాదు. ఈశాన్య దిల్లీలోని సీలంపూర్ పాత ఎలక్ట్రానిక్ సామాన్లను విడగొట్టే పనికి దేశమంతా తెలిసిన చోటు. అనధికారికంగా సాగే ఇలాంటి పనిలో రాగి కోసం తీగలు కాలుస్తారు, లోహాల కోసం బోర్డులను ఆమ్లాల్లో ముంచుతారు. ఆ పొగ పీల్చేది పేద కార్మికులు. పాత బోర్డుల టంకంలో ఉండే సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసింది. ఇవి మంచి అడుగులే. అయితే హక్కు ఉంటే చాలదు, దాన్ని వాడుకునే నేర్పు కావాలి. బడిలో కంప్యూటర్ పాఠమంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాకూడదు. ఒక పాత సీపీయూ డబ్బాను విప్పి, లోపం కనిపెట్టడం కూడా పిల్లలకు నేర్పాలి. విడిభాగాలు ఏళ్ల తరబడి దొరికేలా, బీప్ శబ్దాల అర్థం సులభంగా తెలిసేలా కంపెనీలు చూడాలి.

నిజంగా పనికిరాని కంప్యూటర్‌ను అధీకృత రీసైక్లర్‌కే ఇవ్వాలి. అయితే ‘పనికిరానిది’ అని తేల్చాల్సింది పరీక్షే, విసుగు కాదు.