అమరావతి స్తూపం: కొలత ఎంత, ఊహ ఎంత?

శిథిలమైన కట్టడాలను కంప్యూటరు తెరమీద తిరిగి నిలబెట్టే ప్రయత్నం నేడు ప్రపంచమంతటా జరుగుతున్నది. లేజరు కిరణాలతో గోడలను కొలిచి, ఛాయాచిత్రాలను జతపరచి, పాత పటాలతో సరిచూచి, ఏనాడో రూపుమాసిన మండపాన్ని కన్నులకు కట్టినట్లు చూపుతున్నారు. చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె చక్కని సాధనం అరుదు. అయితే దీనిలో ఒక చిక్కు కూడా ఉన్నది. తెరపై కనిపించే రూపంలో కొలిచి తెలిసికొన్నది ఎంత, ఊహించి పూరించినది ఎంత అన్న సంగతి చూచేవారికి తెలియదు. తెలియనిది సైతం తెలిసినదానివలెనే నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

హైదరాబాదు తూర్పు భాగాన ఉన్న ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణ సంస్థ ఉన్నది. ఉప్పల్ రోడ్డుమీదనే 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. నేలను కొలిచే విద్య మొదటిదానిది. త్రవ్వకుండానే నేల లోపలి సంగతి పసిగట్టే విద్య రెండవదానిది. పోయిన కట్టడాల పరిశోధనకు ఈ రెండు విద్యలూ ఊతకఱ్ఱలు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీయే అమరావతి మహాస్తూపానికి పటాలు గీయించినవాడు కూడా. కనుక ఈ చర్చకు ఆ స్తూపమే తగిన ఉదాహరణ.

మెకంజీ ఆ దిబ్బను మొదట చూచినది 1797 ప్రాంతంలో. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టించుచున్న రోజులవి. స్తూపపు రాళ్లూ ఇటుకలూ కొత్త కట్టడాలకు తరలిపోయినవి. 1816లో మెకంజీ సహాయకులతో మరల వచ్చేసరికి దిబ్బ నడుమ భాగం చెరువుగా మారి ఉన్నది. మిగిలినదానినైనా దక్కించుకొనవలెనని ఆయన శిల్పాలకు, స్థలానికి చిత్రాలు వ్రాయించినాడు. వానిలో కొన్ని శిల్పాలు తరువాత కనబడకుండ పోయినవి. నేడు వాని ఉనికికి ఆ చిత్రాలే సాక్ష్యం. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరినవి. వానిలో చాలా భాగం తరువాత సముద్రం దాటి లండనుకు వెళ్లినది. ఒక్క కట్టడపు అవయవాలు నేడు లండను బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, అమరావతిలో చెదరి ఉన్నవి. వాటిని ఒక్కచోట చేర్చి చూడగల శక్తి ఈనాడు కంప్యూటరుకే ఉన్నది.

అయినను చేర్చడమెట్లు? స్తూపం చుట్టూ ఉన్న రాతి ప్రాకారపు వ్యాసం సుమారు 190 అడుగులని నేలమీది ఆధారాలను బట్టి చెప్పవచ్చును. అండం ఎత్తు ఎంత అంటే నేల జవాబు చెప్పదు. దానికి ఉన్న ఆధారం మరొకటి. స్తూపానికి తాపడం చేసిన పలకలమీద శిల్పులు ఆ స్తూపపు రూపాన్నే చెక్కినారు. ద్వారాల చెంత సింహాలు, అయిదేసి ఆయక స్తంభాలు, పూలదండలు అన్నీ అందులో ఉన్నవి. కాని పలక చాలినంత మేర చెక్కిన శిల్పి కొలబద్దతో చెక్కలేదు. అందుచేత వెడల్పు కొలతనుండి, ఎత్తు శిల్పంనుండి తీసికొని కట్టిన స్తూపంలో సగం లెక్క, సగం ఊహ. పండితులు గీసిన పటాలు ఒకదానితో ఒకటి పొసగకపోవుటకు కారణమిదే.

ముందుగా కొలిచి ఉంచుకొన్న కట్టడాల కథ వేరు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విడదీసి, రాళ్లకు అంకెలు వేసి, తిరిగి నిలబెట్టినారు. 2024 మార్చిలో అది మరల తెరవబడినది. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019లో అగ్నికి ఆహుతి కాకముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు దానిని లేజరుతో కొలిచి ఉంచినాడు. పునర్నిర్మాణానికి ఆ కొలతలు అక్కరకు వచ్చినవి.

కంప్యూటరు రూపకల్పనలకు ఒక నియమావళి ఉండవలెనని 2006లో పండితులు లండను ఒడంబడికను రూపొందించినారు. ఏది ఆధారం, ఏది అనుమానం అన్నది చూచేవారికి స్పష్టంగా తెలుపవలెనన్నది దాని సారం. తరగతిలో దీనిని పాటించుటకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. స్తూపపు పటం గీయించి, కొలిచినదానికి ఒక రంగు, పాత చిత్రాలనుండి గ్రహించినదానికి ఇంకొక రంగు, ఊహకు మూడవ రంగు వేయిస్తే చాలును. ఏ రంగు ఎంత ఉన్నదో చూచిన విద్యార్థికి చరిత్ర రచన ఎట్టిదో బోధపడుతుంది.

ఇట్టి పనికి దూరం పోనక్కరలేదు. ఒకనాటి పల్లె అయిన నాచారం నేడు పారిశ్రామికవాడ. దానికి సమీపాన మౌలాలీ కొండ దిగువన మహలఖాబాయి చందా సమాధి ఉన్నది. ఉప్పల్, నాచారం పాతవాడలలో మిగిలిన గుడి, మసీదు, దిగుడుబావి, పాత బడి, ఏదైనను సరే, ఒక టేపుతో కొలిచి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, తేదీ వేసి, ఊరి పెద్దలు చెప్పిన మాట వ్రాసి ఉంచవచ్చును. కావలి లక్ష్మయ్య వంటి తెలుగువారు మెకంజీకి ఊరూరి వృత్తాంతాలు సేకరించిపెట్టినది ఇట్టి శ్రద్ధతోనే. కట్టడం నిలిచి ఉండగా కొలవడం ఒక పూట పని. కూలిన తరువాత దాని ఎత్తెంతో తేల్చడానికి రెండు వందల ఏండ్లు కూడా చాలకపోవచ్చునని అమరావతి చెబుతున్నది.