సీటు కవరు కింద బెల్టు... నెత్తి మీద సన్‌రూఫ్

మామిడి కాపు కలిసొచ్చిన ఏడాది మా నూజివీడులో కొత్త కార్లు బాగానే దిగుతాయి. గుడి దగ్గర పూజ అయ్యాక తెలిసినవాళ్లందరికీ చూపిస్తారు. ఊళ్లో డాక్టరుకి స్వీటు డబ్బాతో పాటు కారు దర్శనమూ దక్కుతుంది. ఆ దర్శనం వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు పలకంత తెర. తర్వాత మాట చెబితే తెరుచుకునే సన్‌రూఫ్. ఆపైన రాత్రిపూట తలుపుల అంచున వెలిగే రంగుల లైట్లు, కింద నుంచి చల్లగాలి వదిలే సీట్లు. వెనక సీటు బెల్టు చూపించినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. నేనే అడిగితే వెనక తలుపు తీసి కాసేపు వెతుకుతారు. బెల్టు ఉంటుంది. దాన్ని గుచ్చాల్సిన బకిల్ మాత్రం ఉచితంగా వచ్చిన సీటు కవరు కింద ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

ఎవరి డబ్బు వాళ్లిష్టం. లైట్లు వెలిగితే నాకేం బాధ లేదు. ప్రమాద కేసులు చూసే ప్రభుత్వ వైద్యుడిగా నా ఫిర్యాదు వేరే ఉంది. కారులో పెరిగిపోతున్న ఈ హంగుల్లో కొన్ని డ్రైవరు చూపును రోడ్డు మీద నుంచి లాగేస్తున్నాయి. మరికొన్ని, అసలు చూసుకోవాల్సినవాటిని మరిపిస్తున్నాయి.

చూపు సంగతి ముందు. గంటకు 60 కి.మీ. వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏసీ తగ్గించడానికి రెండు సెకన్లు తెర వైపు చూశారంటే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆగిరిపల్లి మీదుగా విజయవాడ వెళ్లే దారిలో, ఏప్రిల్, మే నెలల్లో ఆ 33 మీటర్లలో ఏమేముంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నున్న మార్కెట్‌కి కాయ తోలుతున్న ట్రాక్టరు, దాని ట్రక్కు వెనక వెలగని ఎర్రలైటు, కోత కూలీలతో కిక్కిరిసిన ఆటో, రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డ గేదె.

పాత కార్లలో ఏసీకి గుండ్రటి నాబ్ ఉండేది. చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లేది. ఇందులో శరీరధర్మం ఉంది. భోజనం మధ్యలో కరెంటు పోయినా ముద్ద నోట్లోకే వెళ్తుంది కానీ ముక్కులోకి వెళ్లదు కదా! కీళ్లు, కండరాల నుంచి వచ్చే సంకేతాలతో చెయ్యి ఎక్కడుందో మెదడు చూడకుండానే తెలుసుకుంటుంది. అంచూ మెట్టూ ఉన్న బటన్‌ను వేలు తడిమి గుర్తుపడుతుంది. నున్నటి గాజు మీద తడమడానికి ఏమీ ఉండదు. వేలు ఎక్కడ పడుతోందో కళ్లే చెప్పాలి. గుంతల రోడ్డు మీద ఆ వేలు పక్క బొమ్మ మీద పడితే మళ్లీ మొదటికి.

స్వీడన్‌లో వి బిలాగరె అనే కార్ల పత్రిక 2022లో దీన్ని కొలిచి చూసింది. గంటకు 110 కి.మీ. వేగంలో నడుపుతూ వేడి పెంచడం, రేడియో మార్చడం లాంటి నాలుగు పనులు చేయమంది. డ్రైవర్లకు ఆ కార్లు అలవాటు కావడానికి ముందే సమయం కూడా ఇచ్చింది. బటన్లున్న 2005 నాటి పాత వోల్వోలో 10 సెకన్లలో పనైపోయింది. ఆ లోపు కారు 306 మీటర్లు వెళ్లింది. టచ్ స్క్రీన్ కార్లలో అన్నిటికన్నా వెనకబడినదానికి 44.6 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు. నూజివీడు బస్టాండు దగ్గర ఏసీ సర్దడం మొదలుపెడితే ఊరు దాటాక పూర్తయిందన్నమాట.

ఇదేదో చేతగాని డ్రైవర్ల సమస్య అనుకునేరు. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఓ ట్యాంకరును ఢీకొట్టింది. 10 మంది నావికులు చనిపోయారు. నౌకను నడిపే టచ్ స్క్రీన్ ఏర్పాటు తికమక పెట్టడం ఒక కారణమని దర్యాప్తులో తేలింది. ఆ తరహా నౌకల్లో చేత్తో పట్టుకుని జరిపే లివర్లనే మళ్లీ పెట్టాలని నేవీ నిర్ణయించుకుంది. కార్లకు భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్, హజార్డ్ లైట్లు, అత్యవసర కాల్ తెరలో దాక్కోకూడదంటోంది. పూర్తి మార్కులు కావాలంటే వాటిని విడిగా నొక్కేలా పెట్టాలి.

మొన్న వానల్లో మా తోడల్లుడి గారి కొత్త కారు నడిపాను. అద్దం లోపల ఆవిరి పట్టింది. దాన్ని పోగొట్టే గాలి బటన్ కోసం తెరలో రెండు పేజీలు తిప్పాల్సి వచ్చింది. కారు పక్కకి ఆపి తిప్పాం కాబట్టి సరిపోయింది. బయటి గాలిని లోపలికి తెచ్చే బటనూ ఆ పేజీల్లోనే ఉంది. ఇది ఆరోగ్యానికి సంబంధించిన బటన్. నలుగురైదుగురు ఎక్కి, ఏసీ గాలిని లోపలే తిప్పుకుంటూ గంటల తరబడి వెళ్తే, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. తల దిమ్ముగా ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. తిరుపతి ప్రయాణంలో వెనక సీటంతా సోలిపోవడానికి పులిహోర ఒక్కటే కారణం కాదు. అరగంటకోసారి కొన్ని నిమిషాలు బయటి గాలి రానివ్వండి.

నిద్ర విషయంలోనూ కొత్త కార్లు సాయం చేస్తామంటున్నాయి. డ్రైవరు తూగుతున్నట్టు పసిగట్టి, తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేసి ఆగమంటాయి. మంచిదే. కానీ రాత్రంతా పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి, పగలు టీవీ ముందు కూర్చోగానే కునికేవాళ్లకు కాఫీ కప్పు బొమ్మ సరిపోదు. అది స్లీప్ అప్నియా కావచ్చు. పరీక్ష ఉంది, చికిత్స ఉంది. ఇన్సులిన్ లేదా షుగరు బాగా తగ్గించే మాత్రలు వాడేవాళ్లు తెల్లవారుజామున ఏమీ తినకుండా తోటకు బయల్దేరితే దారిలో చెమటలు, వణుకు, చూపు మసకబారడం మొదలవ్వొచ్చు. వెంటనే కారు ఆపి చక్కెరో గ్లూకోజో తీసుకోవాలి. ఏమీ తినకుండా స్టీరింగ్ పట్టుకోకపోవడం ఇంకా మేలు. జలుబు మాత్ర వేసుకున్నా నిద్రమత్తు వస్తుంది. ఇవేవీ ఏ కెమెరాకూ ముందుగా తెలియవు.

ఇంత చెప్పానని అన్ని పరికరాలూ దండగని అనుకోకండి. సడన్‌గా బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్, మలుపులో కారు అదుపు తప్పకుండా కాసే స్టెబిలిటీ కంట్రోల్, ఎయిర్‌బ్యాగులు ప్రాణాలు కాపాడతాయి. ముందు సీట్లలో బెల్టు పెట్టుకోకపోతే మోగే బీప్, గంటకు 80 కి.మీ. దాటితే హెచ్చరించే బీప్ 2019 జులై నుంచి మన దేశంలో కొత్తగా తయారయ్యే కార్లన్నిటిలో తప్పనిసరి. విచిత్రమేమిటంటే, పనికొచ్చే ఈ పరికరం నోరు నొక్కడానికి మనవాళ్లు మరో పరికరం కొంటున్నారు. బెల్టు పెట్టుకోకుండానే బకిల్‌లో గుచ్చి బీప్ ఆపే ఇనప ముక్క అది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు ఆదేశాలిస్తే, 13,118 చోట్ల ఉన్న ఆ క్లిప్పుల ప్రకటనలు తొలగించాల్సి వచ్చింది. అన్ని ప్రకటనలు ఉన్నాయంటే కొనేవాళ్లు ఎందరో ఊహించుకోండి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వారిలో 8,331 మంది డ్రైవర్లు కారు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. అదే ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. కారు ఖరీదైనదే. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. బెల్టు పెట్టుకోకుండా వెనక కూర్చున్న ఇద్దరూ బతకలేదు.

60 కి.మీ. వేగంలో గోడను ఢీకొట్టడం, సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. నాలుగంతస్తుల మేడ మీద నుంచి అనుకోండి. ఆ క్షణంలో ఒళ్లో పిల్లాణ్ని ఏ తల్లి చేతులూ పట్టి ఆపలేవు. వెనక బెల్టు లేని నాయనమ్మ వెళ్లి ముందు సీట్లో కొడుకు మీద పడుతుంది. ఆ దెబ్బ ఇద్దరికీ ప్రమాదమే. పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మరీ ఘోరం. ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో ఉబ్బి ఆ పసివాడి మీదకే వస్తుంది. సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి నిలబడ్డ పిల్లాడి గురించి నేను విడిగా చెప్పనక్కర్లేదు.

14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు ఉండాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. లేకపోతే రూ.1,000 జరిమానా. సన్‌రూఫ్ ఉన్న మోడల్‌కి పెట్టే అదనపు డబ్బులో చిన్న వంతు చాలు, చైల్డ్ సీటు వస్తుంది. శిశువులకు వెనక సీట్లో, వెనక వైపు తిరిగి ఉండే సీటు. పెద్ద పిల్లలకు నాలుగున్నర, నాలుగుముప్పావు అడుగుల ఎత్తు వచ్చేదాకా బూస్టరు. అది లేకపోతే బెల్టు భుజం మీద కాకుండా మెడకు తగులుతుంది. గర్భిణులు బెల్టు మానేయకూడదు. కింది పట్టీ పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా వచ్చేలా పెట్టుకోవాలి. ఇక సీటు కవర్లు. వేయించుకుంటే బకిళ్లు పైకి ఉండేలా వేయించండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే దాన్ని బిగుతుగా మూసేసే కవరు వద్దు.

పిల్లల గురించి మరో మాట. నిరుడు, అంటే 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక లోపలే ఊపిరి వదిలారు. ఎండలో మూసి ఉన్న కారు కొద్ది నిమిషాల్లోనే పొయ్యి అవుతుంది. పెద్దల కన్నా పిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. తాళం రిమోట్‌తో పడినా చేత్తో వేసినా, వేసే ముందు వెనక సీటు చూడండి. తాళం చెవి పిల్లలకు అందనివ్వకండి. లోపల చిక్కుకుంటే ముందు సీటుకొచ్చి హారన్ నొక్కమని నేర్పండి. ఇంజిన్ ఆగి ఉన్నా చాలా కార్లలో హారన్ మోగుతుంది.

ఈ సీజన్‌లో కారు కొనబోతుంటే, షోరూమ్ కుర్రాడు తెర చూపించడానికి ముందే ఇంటిల్లిపాదీ వెనక సీట్లో కూర్చుని బెల్టులు పెట్టుకుని చూడండి. మధ్యలో కూర్చునేవారికి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, నడుముకి మాత్రమేనా? భారత్ ఎన్‌క్యాప్ రేటింగ్ అడగండి. 2023 అక్టోబరు నుంచి పెద్దలకు, పిల్లలకు వేర్వేరుగా స్టార్లు ఇస్తున్నారు. పిల్లల స్టార్లు ఎన్నో విడిగా అడగండి. తర్వాత టెస్ట్ డ్రైవ్‌లో, బండి ఆపి ఉన్నప్పుడే, కళ్లు ఎదురుగా పెట్టి ఏసీ తగ్గించండి, ముందు అద్దం ఆవిరి పోగొట్టండి, వైపర్ వేయండి. తెర వైపు తిరగకుండా కుదరలేదా? కింది మోడల్‌లో నాబ్ ఉందేమో అడగండి. చాలా కార్లలో ఉంటుంది, ధరా తక్కువే.