రాగిజుట్టు

కేశములకు నలుపు నొసంగునది మెలనిన్ అను వర్ణద్రవ్యము. వెండ్రుక మొదలునందలి కణములు దీనిని తయారుచేసి, పెరుగుచున్న వెండ్రుకకు అందించుచుండును. ఆ కణములు క్షీణించినచో తల నెరయును. మెలనినులో నల్లనిది, ఎఱ్ఱనిది అని రెండు రకములు కలవు. వాని పాళ్లనుబట్టి ఒక్కొక్కరి జుట్టు ఒక్కొక్క వన్నెగ నుండును.

ఇంతవరకు ప్రకృతి వైచిత్ర్యమే. కాని నల్లజుట్టుగల బిడ్డ తల క్రమముగా రాగివన్నెకు తిరిగి, వెండ్రుకలు పలుచబడి, లాగినంతనే ఊడివచ్చుచున్నచో, అది మాంసకృత్తుల కొఱతకు చిహ్నము కావచ్చును. మెలనిన్ తయారగుటకు కావలసిన టైరోసీన్ మాంసకృత్తులలోనిదే. ఈ వ్యాధిని 1933లో గోల్డుకోస్టునందు సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు వర్ణించెను. ఆహారము చక్కబడినచో క్రొత్తగా పెరుగు భాగము నల్లబడును. మరల కొఱత కలిగినచో వెలవెలబోవును. అట్టి వెండ్రుకపై ఆ బిడ్డ కుడిచిన దినములును, పస్తుండిన దినములును పట్టెలు పట్టెలుగా కానవచ్చును.

ఎండకును జుట్టు వన్నె తఱుగును గనుక, శ్రీరంగాపూర్ వీథులలో ఆడుకొను ప్రతి రాగిజుట్టు బాలుడును రోగి యని మేమనము. కాని జుట్టు మాఱుటతోపాటు కాళ్లు వాచినచో తల్లిదండ్రులు జాగు సేయక వైద్యునికి చూపవలయును. తలకు నూనె రాచినంతమాత్రమున ఈ కొఱత తీరదు. జొన్నరొట్టెతో పప్పు, గ్రుడ్డు, పాలు, వేరుసెనగలు పెట్టవలయును.

విద్యార్థులారా! తోటివాని జుట్టును చూచి నవ్వుటకంటె, వాడు భోజనము చేసెనా యని విచారించుటయే చదువుకొన్నవారికి ఒప్పునని మా అభిప్రాయము.