ఈసారి సెలవు అమ్మది

మన వైపు యాభై ఏళ్ల ఇల్లాలిని ఎవరినైనా 'ఎక్కడెక్కడ తిరిగారమ్మా?' అని అడిగి చూడండి. యాదగిరిగుట్ట, వేములవాడ, తిరుపతి, రెండేళ్లకోసారి మేడారం అంటుంది. కాస్త ఆగి, 'బిడ్డ పురుడికి ఆర్నెల్లు అమెరికా పోయొచ్చిన' అంటుంది. మొక్కు తీర్చడానికో, పురుడు పోయడానికో తప్ప ఆమె ఊరు దాటింది తక్కువ. 'ఊరికే కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఎక్కడికెళ్లారు?' అంటే మాత్రం నవ్వి ఊరుకుంటుంది.

ఇప్పుడు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా ఒక కొత్త మాట వినబడుతోంది. అమెరికాలో ఉన్న పిల్లలు 'అమ్మా, ఈసారి కరీబియన్ దీవికి పోదాం, నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండి వద్దాం' అంటున్నారు. అమ్మలేమో 'నాకెందుకు బిడ్డా సముద్రం? మీరు పోయి రండి, పిల్లగాణ్ని నేను చూసుకుంట' అంటున్నారు. ఈ జవాబు గురించే నా బాధ.

వెస్టిండీస్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. కానీ ఆ దీవులతో మనవాళ్ల చుట్టరికం పాతది. చెరకు తోటల్లో పనికి భారతీయ కూలీలను ఎక్కించుకుని ఫతేల్ రజాక్ అనే ఓడ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. ఆ రోజు అక్కడ ఇప్పటికీ సెలవు దినం. కలకత్తా నుంచే కాదు, మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వంద మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లయినా ఉండాలని తెల్లదొరలు నిబంధన పెట్టారు. భర్త పోయినవాళ్లు, ఇల్లు వదిలి వచ్చినవాళ్లు ఎందరో ఒంటరిగా ఓడ ఎక్కారు. ఈ కూలీల ఎగుమతి 1917లో గానీ ఆగలేదు.

ఆ తల్లుల కష్టంతో మన కష్టాన్ని పోల్చను. కానీ ఒక్క మాట. ఆ దీవులను మొదట చూసిన మన ఆడవాళ్లు పనికే వెళ్లారు. ఇన్నేళ్ల తర్వాత, చేతిలో తిరుగు టికెట్ పెట్టుకుని వెళ్లే మనం కూడా పనికే వెళ్లాలా? హోటల్ గదిలో మనవడికి పాలు కలుపుతూ కూర్చుంటే అది సెలవెలా అవుతుంది? వంటింటి కిటికీలోంచి సముద్రం కనబడినట్టు అవుతుంది, అంతే!

అందుకే పిల్లలు పిలిస్తే ముందు 'సరే' అనండి. ఆ తర్వాత ప్లాను మీ చేతిలోకి తీసుకోండి. చీటీ లెక్కలు, పెళ్లి ఖర్చులు, ఏడాది బియ్యం అన్నీ చూసుకునే మనకు ఇదొక లెక్కా?

మొదటిది పాస్‌పోర్టు. అది మీ బీరువాలో, మీకు తెలిసిన చోట ఉండాలి. మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, పెద్దవాళ్లకు పదేళ్లు పనికొస్తుంది. మన జిల్లాల వాళ్లకు వరంగల్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి అనే నిబంధనను 2016 డిసెంబర్‌లోనే తీసేశారు. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి.

రెండోది దారి. శంషాబాద్ నుంచి ఆ దీవులకు నేరుగా విమానం లేదు. జమైకా, బార్బడోస్ లాంటి దేశాలు మన పాస్‌పోర్టుకు ముందస్తు వీసా అడగవు. కానీ అమెరికా మీదుగా వెళ్లాలంటే అమెరికా వీసా ఉండాల్సిందే. పిల్లల దగ్గర్నుంచి దీవికెళ్లి మళ్లీ వాళ్లింటికే రావాలంటే అది ఒకటికి మించిన రాకపోకలకు చెల్లేదై ఉండాలి. నిబంధనలు మారుతుంటాయి గనుక టికెట్ కొనే ముందు మరోసారి అడగండి. ట్రినిడాడ్ నుంచి నేరుగా ఇంటికొస్తే మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. అరవై దాటినవాళ్లు ఆ టీకా గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

మూడోది కాలం. జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడ తుపాన్ల కాలం. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు హాయిగా ఉంటుంది, ధరలు మాత్రం ఎక్కువ. బీపీ, షుగర్ మాత్రలు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. మనం చెరువులు చూసినవాళ్లం, అలలు చూసినవాళ్లం కాదు. లైఫ్ జాకెట్ వేసుకోవడానికి సిగ్గు వద్దు. పంజాబీ డ్రెస్సుతో మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడినా అదీ సముద్ర స్నానమే!

ఇక తిండి. సూట్‌కేసు నిండా పచ్చళ్లు, పొడులు నింపారో, అక్కడా వంట మీకే పడుతుంది. ట్రినిడాడ్‌లో మనవాళ్లు తీసుకెళ్లిన పప్పు, రొట్టె, కూర ఇంకా బతికే ఉన్నాయి. శనగల కూర పెట్టి అమ్మే 'డబుల్స్' అనే మెత్తటి రొట్టెలు వీధి వీధినా దొరుకుతాయి. ఎవరో వండింది కూర్చుని తినడం కూడా సెలవులో భాగమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, బయల్దేరక ముందే ఇంట్లో చెప్పాల్సిన మాట: 'ఈ నాలుగు రోజుల్లో రెండు పూటలు నావి. అప్పుడు పిల్లల్ని మీరు చూసుకోవాలి.' ఈ మాట నవ్వుతూనే చెప్పండి, కానీ చెప్పండి.

'మా పిల్లలు అమెరికాలో లేరు, మాకెక్కడి దీవులు?' అంటారా? మనకూ ఉన్నాయి. ములుగు జిల్లాలో కాకతీయుల నాటి లక్నవరం చెరువులో పదమూడు దీవులున్నాయి. వేలాడే వంతెన మీద నడిచి వెళ్లొచ్చు, పడవ ఎక్కొచ్చు. భూపాలపల్లి వాళ్లకు అది పక్కనే. జనగామ, మహబూబాబాద్ వాళ్లు తెల్లారగట్ల బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. ఆ జీరో టికెట్‌తో ఆస్పత్రులకు, పుట్టిళ్లకు, గుళ్లకు వెళుతున్నాం. ఒక్కసారి, ఏ పనీ లేకుండా, నలుగురు స్నేహితురాళ్లతో వెళ్లి చూడండి.

లక్నవరమైనా, బార్బడోస్ అయినా ప్రశ్న ఒక్కటే. అందరూ సెలవు మీద వెళ్లేటప్పుడు అమ్మ మాత్రం డ్యూటీ మీద ఎందుకెళ్లాలి? ఈ వేసవికి మీ ఇంట్లో ప్రయాణం మాట వస్తే, టికెట్ల కంటే ముందు ఈ సంగతి తేల్చండి.