ఆఖరి అధ్యాయానికి ముందు

పదిమంది కలిసి ఒక పుస్తకాన్ని చదివి చర్చించుకొనే గోష్ఠులలో అపరాధ పరిశోధక నవలకు సాధారణంగా పీట వేయరు. కారణం తెలిసినదే. మంచి కావ్యాన్ని గురించి ఎంత మాట్లాడినా దాని రుచి తరగదు. అపరాధ పరిశోధక నవలలోనో, ఒకరు నోరు జారి హంతకుని పేరు చెప్పితే చాలు, మిగిలినవారి ఆసక్తి అంతటితో చప్పబడిపోతుంది. పేరు దాచి చర్చించడం ఎట్లు? పేరు చెప్పిన తరువాత చర్చించడానికి మిగిలేదేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే, గోష్ఠికి ఇంతకంటె తగిన పుస్తకం అరుదని తెలుస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ చర్చ కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా ఇంటింటికీ చేరిన రోజులలో, ఒక్క ప్రతిని ఇంటిల్లిపాదీ వంతులవారీగా చదివేవారు. చివరి పుట చినిగిపోయిన ప్రతి చేతికి వచ్చిందంటే, ముగింపును పాఠకులు తామే తర్కించి తేల్చుకొనవలసి వచ్చేది. గోష్ఠికి తొలిపాఠం ఆ చినిగిన పుటలోనే ఉన్నది.

మగ్గాల పనికై తెలంగాణ జిల్లాలనుండి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు సూరత్ నగరంలో అనేకం ఉన్నవి. అక్కడి లింబాయత్ ప్రాంతంలో ఒక ఆదివారం సాయంత్రం ఆరుగురు పాఠకులు ఇట్టి నవలతో కూర్చున్నారనుకొందాము. అందరూ ఆఖరి అధ్యాయానికి ముందు పుస్తకం మూసివేయవలెను. ఎవరికివారు ఒక చీటీపై తాము అనుమానించిన వ్యక్తి పేరు, ఆ అనుమానానికి మూడు కారణాలు వ్రాయవలెను. తరువాత చీటీలు విప్పి చదువవలెను.

అప్పుడు ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. పేర్లకంటె కారణాలే ఆలోచింపదగినవిగా ఉంటవి. ఒకరు వంటవానిని అనుమానిస్తారు, వాడు పేదవాడు గనుక. మరొకరు అద్దెకు దిగిన యువకుని అనుమానిస్తారు, వాడు ఊరికి కొత్త గనుక. ఇంకొకరికి ఎవరి చూపో నచ్చలేదు. వీటిలో సాక్ష్యమనదగినది ఒక్కటైనా ఉన్నదా? మన మనస్సులోని ఈ బలహీనత రచయితకు బాగా తెలుసును. అతడు వల పన్నేది అక్కడే. పొట్టకూటికై పరాయి ఊరు చేరి, “ఎక్కడివాడో, ఎట్లాంటివాడో” అనే చూపును తామే ఎదుర్కొన్నవారికి ఈ సంగతి మరింత లోతుగా తగులుతుంది. నిన్న తమపై పడిన చూపే నేడు తమ చీటీలో కనబడుతుంది!

కనుక గోష్ఠికి ఒకే నియమం చాలును: అనుమానం చెప్పినవారు పుట సంఖ్య కూడ చెప్పవలెను.

లండన్‌లో 1930లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్ సభ్యులైన రచయితలు ఇట్టి నియమాన్నే ప్రమాణంగా స్వీకరించారు. తమ పరిశోధకుడు మంత్రతంత్రాలవలన గాక, బుద్ధిబలంవలననే నేరాన్ని ఛేదించవలెనని, ఆధారాలను పాఠకునినుండి దాచరాదని వారి కట్టుబాటు. విశేషమేమంటే, ఈ దృష్టి సూరత్‌కు అంతకు ఎనభైయారేళ్ల పూర్వమే పరిచితం. 1844లో దుర్గారామ్ మెహతాజీ, ఆయన మిత్రులు ఆ నగరంలో స్థాపించిన మానవ ధర్మ సభ, తమకు అతీతశక్తులు ఉన్నవని చెప్పుకొనే మంత్రగాళ్లను బహిరంగంగా రుజువు చేయమని సవాలు చేసినది. చెప్పినవాడే చూపవలెను అన్నదే వారి వాదన.

ఇక రెండవ సాయంత్రం. ఇప్పుడు అందరూ చివరివరకు చదివి వచ్చారు. పేరు తెలిసిన తరువాతనే అసలైన చదువు మొదలవుతుంది. అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ ముగింపు పాఠకులను మోసగించినదని కొందరు కోపించారు. డొరొతీ సేయర్స్ వంటివారు అందులో మోసం లేదని వాదించారు. మళ్లీ మొదటినుండి చదివినవారికి ఆధారాలు కండ్ల యెదుటనే ఉన్నట్లు కనబడతవి. మనం ఏ పుటలో, ఎందువలన పొరబడినామో వెదకడమే రెండవ సాయంత్రపు పని.

ఇది కేవలం కాలక్షేపమా? సూరత్ అనుభవం కాదంటుంది. 1994 సెప్టెంబరులో ఆ నగరంలో ప్లేగు వ్యాధి పొడచూపినది. నీటిలో ఎవరో విషం కలిపారని పుకారు పుట్టినది. కొద్ది రోజులలో లక్షలాది ప్రజలు రైళ్లపై, బస్సులపై ఊరు విడిచి పారిపోయారు. దేశం మొత్తంమీద మరణాలు అరవైకి లోపే; భయానికి మాత్రం హద్దు లేకపోయినది. అది నిజంగా ప్లేగేనా అని నిపుణులే తర్జనభర్జన పడ్డారు. ఆ మిస్టరీకి ఆఖరి అధ్యాయాలలో ఒకటి హైదరాబాదులో వ్రాయబడినది. ఆనాటి రోగులనుండి, ఎలుకలనుండి వేరుచేసిన సూక్ష్మజీవులను సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలతో శోధించి, అవి ప్లేగు క్రిములేనని 2000లో ప్రకటించారు. పుకారుకు ఒక్క పూట చాలినది. రుజువుకు ఆరేళ్లు పట్టినది.

అపరాధ పరిశోధక నవల నేర్పగల ఓర్పు ఇదియే. ఆ నవలలో తొందరపడి నిరపరాధిని అనుమానించినా ఎవరికీ నష్టం లేదు. చీటీ చించివేసి అందరూ నవ్వుకొనవచ్చును. వీధిలో, కార్ఖానాలో, ఇరుగుపొరుగులో అట్టి చీటీని చించివేయడం అంత సులభం కాదు. “ఎవరు చేశారు?” అని అడగడం ఎవరికైనా వచ్చును. “నీకెట్లు తెలిసినది?” అని నెమ్మదిగా అడగడమే అభ్యాసం వలన రావలసినది.