మా అవ్వ గృహిణి కాదు

 కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా అవ్వ చనిపోయింది. పామూరులో మా ఎరుకల ఇళ్ల దగ్గర ఆమె తెలియని వాళ్లు లేరు. పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయిద్దామంటే ఆధార్ కార్డు మీద ఉన్న ఫొటో తప్ప ఇంట్లో ఇంకోటి దొరకలేదు. పుట్టిన తేదీ అందులో జనవరి 1 అని ఉంది, అది రాసుకున్నవాళ్లు వేసిన తేదీ. ఫ్లెక్సీ షాపు ఆయన "కింద ఆదర్శ గృహిణి అని పెడదామా, అందరూ అదే పెట్టిస్తారు" అన్నాడు. సరే అన్నాం. ఇంటికి తెచ్చి కట్టాక ఆ మాట మాకే నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలనే ఈ పోస్టు.

అవ్వ ఇంట్లో ఎప్పుడుంది అసలు? తెల్లారకముందే తాతతో కలిసి ఈత మండలకు పోయేది. తాత కోసేవాడు, మోసేవాడు. చీల్చేది, నానబెట్టేది, అల్లేది అవ్వ. గంపలు, తట్టలు, కోళ్ల గంపలు. వెదురు దొరికితే దబ్బలు తీసి చేటలు. అవన్నీ నెత్తిన పెట్టుకుని మోపాడు వైపు పల్లెలు తిరిగేది. డబ్బులిచ్చే ఇళ్లు తక్కువ. సజ్జలో కందులో కొలిచి పోసేవాళ్లు, కొందరు పంట వచ్చాక ఇస్తామనేవాళ్లు. ఏ ఊర్లో ఏ ఇంట్లో ఎన్ని మానికలు రావాలో అంతా నోటిలెక్కే, ఒక్కటి కూడా తప్పేది కాదు. ఆమెకు సంతకం రాదు. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో గిరిజన ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి ముగ్గురే. మా అవ్వ మిగతా తొంభై ఏడు మందిలో ఒకామె.

సోది కూడా చెప్పేది. దాన్ని నమ్మమని మేము ఎవరికీ చెప్పం. కానీ అవ్వ వాకిట్లో కూర్చుంటే ఆ ఇంటి కోడలు అత్తకు చెప్పుకోలేనిదీ మొగుడికి చెప్పుకోలేనిదీ ఆమెకు చెప్పుకునేది. సోది చెప్పడంలో సగం వినడమే అని అవ్వే నవ్వుతూ అనేది.

నలుగురిని కన్నది, ఇద్దరు మిగిలారు. తాత పోయాక పందుల్ని కూడా తనే చూసుకుంది. కనిగిరి, పామూరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. మోకాళ్లు పట్టేసి లేవలేని రోజుల్లో కూడా కాళ్లు చాపుకుని అల్లింది. ప్లాస్టిక్ తట్టలు వచ్చాక కొనేవాళ్లు తగ్గారు. 2024 జులై నుంచి పింఛను 4,000 అయ్యాక, ఒకటో తారీకు మా ఖర్చులకని ఐదొందలు కొంగున ముడి వేసి పెట్టేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ గడప దాకా వచ్చింది ఈ గంపల మీదే.

ఇంత చేసిన మనిషికి కాగితం మీద ఒక్క ముక్క లేదు. అవ్వ పుట్టినప్పుడు పామూరు నెల్లూరు జిల్లా. 1970లో కొత్త జిల్లాలోకి వచ్చింది, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారిన సంగతి రికార్డుల్లో ఉంది.

మన వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదా అంటే, రాశారు. తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ తెచ్చి మన ఎరుకల మీద పెట్టారు. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ వచ్చింది. కావలిలో ఇంకోటి, అది మనకు దూరమేం కాదు. రాత్రిపూట స్టేషన్‌లో హాజరు వేయించుకోవాల్సిన రోజుల గురించి అవ్వకు వాళ్ల అత్త చెప్పేదట. దేశమంతా ఆ చట్టం పోయింది 1952లో. అంటే దొంగలని రాసిన రిజిస్టర్లలో మన మగవాళ్ల పేర్లు ఉన్నాయి. ఫలానా గంప అల్లింది ఫలానా ఆమె అని రాసిన పుస్తకం మాత్రం మేము ఎక్కడా చూడలేదు.

గంపలు, పందులు, సోది గురించి ఎందుకు రాయడం, ఎగతాళి చేస్తారు అని గ్రూపులో కొందరు అంటారు. ఆ భయం మాకూ తెలుసు. అన్నదమ్ములం ఇద్దరం ఒకే హాస్టల్‌లో ఉన్నప్పుడు అవ్వ ఒకసారి గంప నెత్తిన పెట్టుకునే మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. గంపలో మాకోసం సజ్జ రొట్టెలు. పక్కనున్న పిల్లలు ఎవరురా అంటే మా ఊరామె అన్నాం. ఆమెకు వినపడింది. రొట్టెలు ఇచ్చి, బాగా చదువుకోండి నాయనా అని పోయింది. మళ్లీ హాస్టల్‌కు ఎప్పుడూ గంపతో రాలేదు. దాని గురించి ఇంట్లో ఒక్క మాట కూడా ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు, క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

అందుకే చెప్తున్నాం. స్కాలర్‌షిప్ ఫారంలో, హాస్టల్ ఫారంలో తల్లి వృత్తి దగ్గర అలవాటుగా గృహిణి అని కొట్టేస్తాం. చేసే పని రాయండి. గంపలు అల్లడం, పందులు మేపడం, కూలి, ఏదైతే అది. ఇంకోటి, మీ అవ్వలతో మన మాట మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. మా అవ్వ మాతో ఎరుకల మాటే మాట్లాడేది. మాకు అర్థమవుతుంది గానీ తిరిగి తెలుగులోనే జవాబు చెప్పేవాళ్లం. చేతిలో ఫోన్ ఉండి కూడా ఆమె గొంతు ఒక్క నిమిషం దాచుకోలేదు. రీల్స్‌కు మాత్రం మా ఫోన్‌లో చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఫ్లెక్సీ మీద గృహిణి అన్న మాటపై తెల్ల కాగితం అంటించి "గంపలు అల్లేది" అని స్కెచ్ పెన్నుతో రాశాం. బంధువులు ఇదేంట్రా అన్నారు. మా నాయన ఏమీ అనలేదు, కాసేపు చూసి వెళ్లి కూర్చున్నాడు.

అవ్వ సగం అల్లిన కోళ్ల గంప ఒకటి పంచలో అలాగే ఉంది. పైన అంచు కట్టడం మా ఇంట్లో ఎవరికీ రాదు. పామూరు, సీఎస్‌పురం, కనిగిరి వైపు ఆ పని తెలిసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే చెప్పండి. ఆదివారం గంప తీసుకుని మేమే వస్తాం.